ఒక్కటే పాణం: మొండయ్య మళ్లీ లేచాడు

కిందటి వారం సృజనను కరీంనగర్ బస్టాండులో, గోదావరిఖని బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉండగా వదిలి వచ్చాం. పెట్టిన కాలు పెట్టినట్టే ఆగిపోయింది ఆమె. వెనక సిమెంటు బల్ల మీద కూర్చుని ఫోనులో ఏదో ఆట ఆడుకుంటున్న పెద్దమనిషి చేతిలోంచి తన తండ్రి గొంతు వినిపించింది.

“మల్లొచ్చిన్నే రాయమల్లూ! నేనెక్కడ సస్త?”

ఆ మాట ఎక్కడిదో ఆమెకు తెలుసు. తాను, తన దోస్తు భానుప్రసాద్ కలిసి తయారుచేస్తున్న వీడియో గేమ్ కోసం, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన తండ్రి రాయమల్లును ఒకసారి కరీంనగర్ పిలిపించారు. మైకు ముందు కూర్చోబెట్టి మాటలు రికార్డు చేశారు. పని అయిపోయాక ఆయన చాయ్ తాగుతూ, తనతోపాటు బాయిలో దిగిన మొండయ్య ఎట్లా మాట్లాడేవాడో నవ్వుకుంటూ చేసి చూపించాడు. షిఫ్టు ముగిసి పైకొచ్చిన ప్రతిసారీ మొండయ్య ఆ మాటే అరిచేవాడట. చేసి చూపిస్తూ చూపిస్తూ ఆయన ఏడ్చేశాడు. ఎందుకంటే ఒకరోజు మొండయ్య పైకి రాలేదు. కప్పు కూలి లోపలే ఉండిపోయాడు.

మైకు ఇంకా ఆన్‌లోనే ఉందని అప్పుడు చూశారు. “అది తుడిచెయ్యుండ్రి బిడ్డా. శంకరవ్వ చెవిన పడితే మంచిగుండది” అన్నాడు రాయమల్లు. శంకరవ్వ మొండయ్య భార్య.

“తుడిచేసిన కాకా” అన్నాడు భానుప్రసాద్.

ఆ గదిలో ఉన్నది ముగ్గురే.

బస్సు వెళ్లిపోయింది. సృజన ఆ పెద్దమనిషి దగ్గరికి పోయి, “ఏం ఆట అన్నా ఇది?” అని అడిగింది. ఆయన సంతోషంగా ఫోను ఇటు తిప్పి చూపించాడు. ఎర్ర టోపీ పెట్టుకున్న బొమ్మ మనిషి, బొద్దు మీసాలు, సొరంగం నిండా మెరిసే బంగారు నాణేలు. ఆ నాణేలు ఏరుకుంటూ ఉరుకుతుంటే పైనుంచి బండ పడింది. బొమ్మ నలిగిపోయింది. తెర మీద పెద్ద అక్షరాలు లేచాయి: ‘ఒక యాడ్ చూడండి, మొండయ్యను బతికించండి!’

పేరు కూడా మార్చలేదు.

నొప్పుల మందు ప్రకటన ఒకటి వచ్చి పోయింది. మొండయ్య లేచి, దుమ్ము దులుపుకుని, నడుము తిప్పి ఎగిరి, సృజన తండ్రి గొంతుతో అదే మాట అరిచాడు.

“మంచి టైంపాస్ అమ్మా. మా ఇంటిల్లిపాది ఇదే ఆడుతున్నం” అన్నాడు పెద్దమనిషి.

ఆమె ఊరికి పోలేదు. ఆటో ఎక్కి, తమ ఆఫీసున్న మంకమ్మతోట పొమ్మంది.

*

వాళ్ల ఆఫీసు ఒక జిరాక్సు షాపు పైన రెండు గదులు. ఇంజినీరింగ్ చదువు అయిపోయాక అందరూ హైదరాబాద్ దారి పడితే వీళ్లిద్దరే కరీంనగర్‌లో ఆగిపోయి, బోర్డు కట్టారు. బోర్డు కట్టారే గానీ వచ్చే పనంతా బయటి దేశాలదే. ఎక్కడో ఎవరో చేసే పెద్ద పెద్ద ఆటలకు వీళ్లు బండలు గీసి పంపేవాళ్లు. విరిగిన గోడలు, పీపాలు, తుప్పు పట్టిన బండ్ల చక్రాలు. ఆ ఆటలు కోట్లమంది ఆడేవాళ్లు. చివర్లో పడే పేర్లలో వీళ్ల పేర్లు ఉండేవి కావు. అయినా సృజనకు బాధ ఉండేది కాదు. అది వాళ్ల ఆట, మనం కూలి పని చేశాం, అంతే అనుకునేది.

తమ సొంత ఆటను ఆదివారాలు, పండుగలు చూడకుండా విడిగా చేసుకున్నారు. దాని పేరు ‘ఒక్కటే పాణం’. అందులో తుపాకులు లేవు, నాణేలు లేవు. ఇద్దరు దోస్తులు బాయిలోకి దిగుతారు. టోపీ దీపం వెలుతురు ఎంత పడితే అంతే కనిపిస్తుంది. మిగతాదంతా వినాలి. కప్పు మీద చిన్న చప్పుడు, దుమ్ము రాలే చప్పుడు, కట్టె దిమ్మ మూలిగే చప్పుడు. జాగ్రత్తగా వింటే ఇద్దరూ పైకొస్తారు. తొందరపడితే మొండయ్య పోతాడు. పోతే పోయినట్టే. ఆట మళ్లీ మొదటినుంచి పెట్టినా రాయమల్లు ఒక్కడే దిగుతాడు.

ఈ చివరి నియమం శంకరవ్వది. పేరు వాడుకుంటామని అడగడానికి సృజన లక్సెట్టిపేట పోయినప్పుడు ఆమె బీడీలు చుడుతూ అంతా విన్నది. “పెట్టుకో బిడ్డా. గాని ఒక్కటి. సచ్చినోడు మల్ల లేవద్దు. నేను ఒకపారి నమ్మి ఆగమైన” అన్నది. బాయి కూలిన రోజు, గేటు దగ్గర గుంపులో ఎవరో “మొండయ్యను పాణంతోని తీసిండ్రు” అని అరిస్తే ఆమె చెప్పులు వదిలేసి ఉరికింది. తీసింది ఇంకొకరిని. ఆ ఉరుకు ఆమె చచ్చేదాకా మరవదు. ఆ మాటకు కట్టుబడి ఉంటామని సృజన ఆమె చేతిలో చెయ్యి వేసి వచ్చింది. పక్కన భానుప్రసాద్ కూడా ఉన్నాడు.

*

మెట్లెక్కి పోయేసరికి అతను కిటికీ దగ్గర కంప్యూటర్ ముందు పీపా బొమ్మ ఒకటి గీస్తున్నాడు. “బస్ తప్పిపోయిందా?” అన్నాడు తల తిప్పకుండానే.

ఆమె తన ఫోనులోకి దింపుకున్న ఆటను అతని ముందు పెట్టింది. బండ పడేదాకా ఆగింది. యాడ్ నడిచేదాకా ఆగింది. “మల్లొచ్చిన్నే రాయమల్లూ!” అన్నది ఫోను.

భానుప్రసాద్ పెన్ను కింద పెట్టాడు. ఇదేంది, ఎక్కడిది అని అడగలేదు. అడుగుతాడని, తెల్లబోతాడని, ఎవరో దొంగిలించారని ఇద్దరూ కలిసి తిట్టుకుంటారని దారి పొడుగూ ఆమె మనసులో ఒక మూల ఆశ మిగిలి ఉంది. అది అక్కడే తెగిపోయింది.

“ఎప్పుడు ఇచ్చినవ్?”

“వానాకాలంల.”

“వానాకాలంల! అంటే నేను ఆ రెండో సొరంగం వెలుతురు సరిగ్గ వస్తలేదని పదిసార్లు మార్చుకుంట కూసున్నప్పుడు, నీకు తెలుసు.”

“తెలుసు.”

“ఆగమని గూడ అనలే.”

“ఎట్లనాల్నో తెల్వలే సృజనా.”

ఆమె కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది. అరుద్దామని వచ్చింది కానీ అరుపు రాలేదు. “మా బాపు ఏడ్చిన మాట అది. తుడిచేసిన అన్నవు. ఆయన మొఖం చూసి అన్నవు.”

“తుడుద్దామనే అనుకున్న. రాత్రి తుడిచే ముందు ఒక్కపారి ఇన్న.” భానుప్రసాద్ గొంతు తగ్గింది. “అంత నిజమైన మాట నేనెప్పుడు రికార్డు చెయ్యలే. చెయ్యి రాలే. దాచిపెట్టుకున్న. గంతే. అమ్ముదామని గాదు అప్పుడు.”

“తర్వాత అమ్మినవ్.”

“తర్వాత ఆ ఆటల కంపెనీకి అమ్మిన.”

అతను లేచి కిటికీ దగ్గరికి పోయాడు. కింద జిరాక్సు మిషన్ గిరగిరమంటున్నది. కాసేపటికి ఇటు తిరిగినప్పుడు మొహంలో తప్పు చేసిన కళ పోయి, ఇన్నాళ్లు లోపల పెట్టుకున్న కోపం పైకొచ్చింది.

“పోయినేడు హైదరాబాద్ మేళాల మన ఆట పెట్టినం. యాదుందా? ఎంతమంది ఆడి కండ్లు తుడుసుకున్నరు! శాలువా కప్పిండ్రు. మన దేశానికి గిట్లాంటి ఆటలు కావాలె అని మైకుల చెప్పిండ్రు. తర్వాత ఒక్కడన్న ఫోన్ చేసిండా? మన దేశంల ఫోన్ పట్టుకున్నోడల్లా ఆడుతడు సృజనా. బస్సుల ఆడుతడు, పొలం గట్టు మీద ఆడుతడు, దవాఖాన్ల లైన్ల నిలబడి ఆడుతడు. ప్రపంచంల మనకంటే ఎక్కువ ఆడేటోళ్లు లేరని ప్రతి మీటింగుల చెప్తరు. గాని ఆట కొనుడు అంటే ఎవడు కొంటడు? ఫ్రీగ ఉండాలె. యాడ్ చూస్తరు, టైం ఇస్తరు, జేబుల చెయ్యి పెట్టరు. ఇగ కొనెటోళ్లు కొందరుంటే, వాళ్లు బయటి దేశాల ఆటలే కొంటరు. మనం గీసిన బండలున్న ఆటలే! మనది ఎవరికి కావాలె?”

“అందుకని?”

“అందుకని నలుగురు ఆడేటట్టు చేసిన. నాలుగేండ్లు కష్టపడితే మన ఆట ఎంతమంది ఆడిండ్రు? మా అవ్వ గూడ ఆడలే. సీకటి, భయమైతది అన్నది. ఇప్పుడు మొండయ్య పేరు ఊరూరికి ఎరుకైంది. లక్షలమంది ఆయన్ని బతికిస్తుండ్రు.”

“నీ పేరుందా దాంట్ల?”

అతను కిటికీ రెక్క దగ్గరికి లాగాడు.

“అడుగుతున్న. ఆట చివర్ల నీ పేరు పడుతదా?”

“లేదు. కంపెనీ పేరొక్కటే.”

“పీపాలు గీసినట్టే అయింది మల్ల” అంది సృజన. “భానూ, నేను ఓడిపోతే ఓడిపోతనని నీకు మొదటిరోజే చెప్పిన. ఎవరు ఆడకున్నా సరే, ఈ ఒక్క ఆట మనం అనుకున్నట్టు ఉండాలె అన్న. నువ్వు సరే అన్నవు. సరే అనకపోతే నేనొక్కదాన్నే చేసుకుందు. నా బాధ ఆట పోయినందుకు గాదు. నా పక్కన కూసోని, నా వెలుతురు బాగుందని మెచ్చుకుంట, అది ఎవరికి పనికిరాదని తెలిసి గూడ నన్ను చెయ్యనిచ్చినవు చూడు, అది ఎట్ల మర్సిపోవాలె?”

భానుప్రసాద్ చేతులతో మొహం రుద్దుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు చూసి ఆమెకు జాలి కలగలేదు. జాలి కలగనందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. కాలేజీలో ఒకే టిఫిను డబ్బాలో తిన్న మనిషి. జ్వరం వస్తే వాళ్లమ్మతో జావ కాయించి పంపిన మనిషి. ఇప్పుడు ఎదురుగా ఉన్నా, అద్దంలోంచి చూస్తున్నట్టు దూరంగా ఉన్నాడు.

“తీసెయ్యమను” అంది.

“నా ఒక్కడితోని అయ్యేది గాదు.”

“అయితే నేను కేసు పెడత. మా బాపు గొంతది. మొండయ్య పేరది.”

అతను కొంచెంసేపు నేల చూశాడు. తర్వాత మెల్లగా, “పేరు శంకరవ్వది. నీది గాదు, నాది గాదు” అన్నాడు. “పోయి అడుగు. శంకరవ్వ ఒక్కమాట, వద్దు అని చెప్తే, నేను కంపెనీ కాళ్లు పట్టుకొనైనా తీపిస్త. నా మాట నమ్ము.”

“నీ మాట!” అంది సృజన.

కానీ లేచింది. శంకరవ్వ ఏమంటుందో ఆమెకు తెలుసు. చేతిలో చెయ్యి వేయించుకున్న మనిషి. ఆమె వద్దంటే ఇక ఎవరూ ఎదురు చెప్పలేరు. భానుప్రసాద్ సిగ్గుతో తల వంచుకున్నాడని, అందుకే తన కళ్లలోకి చూడలేకపోతున్నాడని అనుకుంది. మెట్లు దిగుతూ తొలిసారి కొంచెం ఊపిరి పీల్చుకుంది.

*

బస్సు ధర్మారం దాటాక తండ్రి ఫోన్ చేశాడు. “ఖని బస్ ఎక్కుతున్న అంటివి, ఎక్కడిదాక వచ్చినవ్ బిడ్డా? మీ అవ్వ అంబటాళ్లకల్లా వస్తదని కూర వండి కూసున్నది.”

“జర పని పడ్డది బాపూ. లక్సెట్టిపేట పోతున్న. పెద్దమ్మను కలిసి వస్త.”

“శంకరవ్వనా? మంచిది, మంచిది. మన ఆట ఎప్పుడొస్తదని అడుగుతది, ఏదన్న మంచి మాట చెప్పు.” కొంచెం ఆగి, “నేను గూడ అందరికి చెప్పుకుంట తిరుగుతున్న. మొండయ్యను నా బిడ్డ మల్ల బాయిలకు దింపుతున్నది, ఈసారి పైకి తెస్తది అని” అన్నాడు.

సృజన కిటికీ బయటికి చూసింది. రెండువైపులా పత్తి చేన్లు విరగబూసి ఉన్నాయి. “సిగ్నల్ పోతున్నది బాపూ” అని పెట్టేసింది. తండ్రితో అబద్ధం ఆడటం ఆమెకు కొత్త. చేసినవాడు భానుప్రసాద్ అయితే, దాచాల్సిన గతి తనకు పట్టింది. రాయపట్నం వంతెన మీద బస్సు పోతుంటే గోదావరి నిండుగా, మట్టి రంగులో కదులుతున్నది. శంకరవ్వకు ఎట్లా చెప్పాలో మాటలు కూర్చుకుంది. మెత్తగా చెప్పాలి. ఫోను చూపించవద్దు. ఆ గొంతు మాత్రం ఆమె చెవిన పడనివ్వవద్దు.

శంకరవ్వ కూతురి ఇంట్లో ఉంటుంది. కూతురూ అల్లుడూ చేను దగ్గరికి పోయినట్టున్నారు, వాకిట్లో ఎవరూ లేరు. “పెద్దమ్మా” అని పిలుస్తూ లోపల అడుగు పెట్టిన సృజన గడప దగ్గరే నిలబడిపోయింది.

ఎప్పుడు వచ్చినా శంకరవ్వ ఒడిలో బీడీల చాట ఉండేది. మాట్లాడుతున్నా వేళ్లు ఆకు చుడుతూనే ఉండేవి. ఇవాళ చాట గోడకు ఆనించి ఉంది. తునికాకు కట్ట తడిగుడ్డలోంచి విప్పనేలేదు. గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకున్న ఆ ముసలామె రెండు చేతులతో ఒక కొత్త ఫోను పట్టుకుని, తదేకంగా చూస్తోంది.

“అచ్చినవా బిడ్డా, కూసో. జర ఆగు, పడుతుండు” అంది కళ్లెత్తకుండా.

బండ పడిన చప్పుడు. తర్వాత సబ్బు ప్రకటన పాట. శంకరవ్వ ఆ పాట మొత్తం, గుడిలో హారతి కోసం ఎదురుచూసినంత ఓపికగా విన్నది.

“మల్లొచ్చిన్నే రాయమల్లూ! నేనెక్కడ సస్త?”

శంకరవ్వ కళ్లు మూసుకుంది. మొహం మీద ముడతలన్నీ ఒక్కసారి సర్దుకున్నాయి.

సృజన ఆమె పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది. “పెద్దమ్మా, ఇది నేను చెయ్యలే. నీకిచ్చిన మాట నేను తప్పలే. మోసం చేసిండ్రు. గా గొంతు మా బాపుది.”

“రాయమల్లు గొంతని నాకెర్క లేదా? నలభై ఏండ్ల సంది ఇంటున్న. గాని మాట ఆయనది. ఇంట్ల అడుగు పెడుతనే గట్లనే అనేటోడు. నవ్వుకుంట అనేటోడు.” శంకరవ్వ చీర కొంగుతో ఫోను అద్దం తుడిచింది. “గా మాట ఎట్లుంటదో మర్సిపోయిన బిడ్డా. నాకే తెల్వకుంట మర్సిపోయిన.”

“తీపిస్త పెద్దమ్మా. నువ్వు ఒక్కమాట చెప్పు. వద్దు అను. ఇయ్యాలనే బందు చేపిస్త.”

శంకరవ్వ అప్పుడు తలెత్తి చూసింది. ఫోనును రొమ్ముకు ఆనించుకుంది. “ఎందుకు బందు చేస్తవు?”

“సచ్చినోడు లేవద్దన్నవు గదా. నువ్వే గదా అన్నది!”

“అన్న. లేసేటోడు కాదు గనుక అన్న.” ఆమె గొంతులో కోపం లేదు, చిన్నపిల్లకు చెబుతున్నట్టు చెప్పింది. “నీ ఆట సూపిచ్చినవు గదా మొన్న ఎండకాలం. మంచిగున్నది. అంత సీకటి, అంత నిజం. గాని నీ ఆటల ఆయన పోతే నేను గేటు కాడ నిలవడ్డట్టే ఉన్నది బిడ్డా. గీ ఆటల గట్ల గాదు. సబ్బు పాట ఇంటే లేస్తుండు. ఎన్నిమాట్ల పడ్డా లేస్తుండు.”

సృజన ఇన్నేళ్లు కాపాడుకుంటూ వచ్చిన మాటను, ఆ మాట ఇప్పించుకున్న మనిషే చేత్తో పక్కకు నెట్టేసింది. భానుప్రసాద్ చేసిన దానికి కోపం వచ్చింది. దీనికి కోపం కూడా రాలేదు. కూర్చున్న నేల కింద ఏదో మెత్తగా జారిపోతున్నట్టు అనిపించింది.

“ఫోన్ ఎవరిచ్చిండ్రు పెద్దమ్మా?”

“భాను ఇచ్చిండు. పోయిన ఐతారం అచ్చిండు గద! ఆయనే ఆడుడు నేర్పిచ్చిండు. దగ్గర కూసోని, ఏలు పట్టి నేర్పిచ్చిండు, కొడుకోలె.”

పోయిన ఆదివారం. అంటే పొద్దున ఆఫీసులో నేల చూస్తూ ‘శంకరవ్వను అడుగు’ అన్నప్పుడు, ఆమె ఏమంటుందో అతనికి ముందే తెలుసు. అది సిగ్గు కాదు. శంకరవ్వ చేతనే తన నోరు మూయించడానికి పంపాడు.

“ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవు? సల్లటి నీళ్లు తెస్తనాగు.” శంకరవ్వ గోడ పట్టుకుని లేవబోయి, ఏదో గుర్తొచ్చి మళ్లీ కూర్చుంది. మొహంలో సిగ్గు, సంబరం కలిసి వచ్చాయి. “నువ్వు అచ్చుడు మంచిగైంది. రేపు పొద్దుగాల కంపెనోళ్లు కారు పంపుతరట. నన్ను గూడ ఆటల పెడుతరట. బండ పడంగనే నేను గేటు కాడ నిలవడి ఆడెటోళ్లను బతిమాలాలెనట. గొంతు మంచిగుండాలెనని పొద్దటి సంది మిరియాల నీళ్లు తాగుతున్న. ఇను, సరిగ్గ అంటున్ననో లేదో చెప్పు.”

ఆమె కొంగు సర్దుకుంది. చేతులు జోడించింది. బాయి గేటు దగ్గర ఆనాడు ఎట్లా నిలబడిందో అట్లాగే మెడ సాచి, ఎదురుగా ఉన్న ఖాళీ గోడ వైపు చూస్తూ అరిచింది.

“అయ్యా, మీ కాళ్లు మొక్కుత! ఒక్క యాడ్ సూడుండ్రి, నా పెనిమిటిని లేపుండ్రి!”

అని సృజన వైపు తిరిగి, ఆశగా చూసింది.

“నువ్వు రాసినట్టే అన్ననా బిడ్డా? గా మాటలు నువ్వే రాసి పంపినవని చెప్పిండు భాను.”